కారణమూ, సబబూ

“అమ్మా, ఇప్పుడు మాట్లాడుతున్నది నువ్వు కాదు, నీ హార్మోన్లు.”

ఈ మాట అన్నది నేనే. ఐదేళ్ల క్రితం, మదనపల్లెలో మా ఇంట్లో, రాత్రి అన్నాల దగ్గర. అమ్మకి అప్పుడు నలభై ఎనిమిది. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. నడిరాత్రి లేచి, మా ఊరి చలిలో, స్వెట్టర్ కూడా లేకుండా మిద్దె మీదికి పోయి కూర్చునేది. చిన్న విషయానికి ఏడ్చేది, పెద్ద విషయానికి గమ్మునుండేది. ఆ రాత్రి మాత్రం గమ్మునుండలేదు. సంగటి ముద్ద ప్లేట్లో పెడుతూ పెడుతూ ఆగి, మా నాన్న వైపు తిరిగి అడిగింది: “పుంగనూరు కయ్య అమ్మేటప్పుడు నన్నొక మాట అడిగినారా?”

ఆ కయ్య అమ్మ పెళ్లప్పుడు మా తాత పసుపుకుంకుమల కింద రాసిచ్చిన ఎకరం. నా ఇంజినీరింగ్ సీటు కోసం అమ్మేశారు. కాగితాల్లో ఉన్నది అమ్మ పేరే కాబట్టి రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టింది కూడా అమ్మే, పెట్టమన్న చోట. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. ఇప్పుడు హఠాత్తుగా ఎత్తేసరికి నాన్న ముఖం మాడిపోయింది. అప్పుడు నేను కల్పించుకున్నాను. అంతకు ముందు వారమే ఫోన్లో చదివిన నాలుగు ఆర్టికల్స్ బలంతో, చదువుకున్న కొడుకుగా, ఆ మాట అన్నాను. ప్రేమగానే అన్నాననుకుంటా. అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. టీవీ సౌండు పెరిగింది.

ఆ మాట ఏం చేసిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ ప్రయత్నమే.

*

ముందు ఒంటి సంగతి చెప్పుకోవాలి. వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు డాక్టర్లు. మన దేశంలో సగటున 46–47 ఏళ్లకి వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. దానికి ముందు కొన్నేళ్ల పాటు నడిచేది పెరిమెనోపాజ్. ఈ కాలంలో ఈస్ట్రోజెన్ మెట్లు దిగినట్టు బుద్ధిగా తగ్గదు. ఒక వారం ఎగురుతుంది, ఇంకో వారం పడిపోతుంది. ఆ ఊగిసలాట నిద్ర మీదా, ఒంటి వేడి మీదా, మనసు మీదా పడుతుంది. అంతకుముందు దశలో ఉన్నవాళ్లతో పోలిస్తే పెరిమెనోపాజ్‌లో ఉన్నవాళ్లకి డిప్రెషన్ లక్షణాలు కనిపించే రిస్కు సుమారు 40 శాతం ఎక్కువని, పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2024లో తేల్చారు.

మనకి ‘ముట్లుడగడం’ అనే మంచి మాట ఉంది. గాలి ఉడిగినట్టు, వాన ఉడిగినట్టు. ‘రుతువిరతి’ అన్న సంస్కృత పదం ఆస్పత్రి పోస్టర్ల మీద కనిపిస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లయితే “నిలిచిపోయింది” అంటారు, అంతే. గమనించండి, ఈ మాటలన్నీ ఆగిపోయిన దానికి పెట్టిన పేర్లు. ఆగిపోతూ ఉన్న కాలానికి మాత్రం పేరు లేదు. అసలు గొడవంతా పేరు లేని ఆ కొన్నేళ్లలోనే.

అంటే ఆ రాత్రి నేనన్న మాటలో సైన్సు పెద్దగా తప్పు లేదు. తప్పు ఇంకెక్కడో ఉంది.

*

తెలుగులో ‘కారణం’ అనే మాట రెండు పనులు చేస్తుంది. “వానకి కారణం అల్పపీడనం” అంటాం. “నా కోపానికి కారణం నువ్వు చేసిన పని” అని కూడా అంటాం. మొదటిది ఒక సంగతి ఎలా జరిగిందో చెబుతుంది. రెండోది ఆ కోపం న్యాయమైనదని వాదిస్తుంది. ఈ రెండోదానికి మనకి విడిగా ఇంకో మాట ఉంది: సబబు. “నీ కోపం సబబే” అంటాం. “ఈ వాన సబబే” అని ఎవరూ అనరు.

అమ్మ కోపానికి కారణం ఈస్ట్రోజెనే అయ్యుండొచ్చు. ఆ కోపం సబబా కాదా అన్నది మాత్రం ఈస్ట్రోజెన్ తేల్చే విషయం కాదు. అది తేలాలంటే కయ్య అమ్మేముందు ఆమెని అడిగారా లేదా అన్నది కనుక్కోవాలి. రక్తపరీక్షలో అది దొరకదు. నేను చేసిందేమిటంటే, సబబు గురించి అడిగిన ప్రశ్నకి కారణం గురించి జవాబు చెప్పాను. ప్రశ్న నాన్నని అడిగితే, జవాబు అమ్మ ఒంట్లోంచి తీసిచ్చాను.

మా ఉద్యోగంలో ఇలాంటిది తరచుగా చూస్తాం. సర్వర్లో ఒక సెట్టింగ్ మారిస్తే అప్పటిదాకా కనపడని వార్నింగులు వందలకొద్దీ స్క్రీన్ మీద పడతాయి. ఆ సెట్టింగ్ వాటిని పుట్టించలేదు, బయటికి రానిచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడైతే చేసే మొదటి పని, సెట్టింగ్‌ని మళ్లీ పాత చోటికి తిప్పేయడం. స్క్రీన్ ప్రశాంతంగా ఉంటుంది. లోపల కాలేది కాలుతూనే ఉంటుంది.

ఈ పోలిక చివరిదాకా నిలబడదని నాకు తెలుసు. వార్నింగుల్లో దొంగవీ ఉంటాయి. అవే వారాల్లో అమ్మ నా భార్య మీద ఒక నింద వేసింది. అది నిజం కాదు. నిజం కాదని కొన్ని నెలల తర్వాత అమ్మే ఒప్పుకుంది. కాబట్టి ఆ కాలంలో అన్న ప్రతి మాటా సత్యం అని నేనట్లేదు. హార్మోన్ అని చెప్పి అన్నిటినీ కొట్టేయడం ఎంత సోమరితనమో, పాపం ఆడకూతురు అని అన్నిటికీ తలూపడం కూడా అంతే సోమరితనం. ఒక్కో మాటనీ విడిగా విని, విడిగా తేల్చుకోవాలి. మామూలు మనుషుల మాటల్ని మనం తేల్చుకునేది అలానే కదా.

*

మా అమ్మ పుట్టినూరు పుంగనూరు దగ్గర పల్లె. ఆ వైపంతా గంగమ్మది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, చౌడేపల్లె వైపు పోతే బోయకొండ గంగమ్మ. మా అవ్వకి జాతరప్పుడు పూనకం వచ్చేదట. అమ్మ చిన్నప్పుడు చూసింది, నాకు చాలాసార్లు చెప్పింది. ఒకసారి పూనకంలో అవ్వ, మా తాతని పేరు పెట్టి పిలిచి, “తాగొచ్చి నా బిడ్డని కొడతావేరా?” అని నిలదీసిందట. తాత అందరి ముందూ కాళ్ల మీద పడ్డాడు. తాగనని కర్పూరం ఆర్పాడు. అవ్వకి వేపాకుతో దిష్టి తీసి, పసుపునీళ్లు తాగించి పడుకోబెట్టారు. తెల్లారి లేచి అవ్వ, “నాకేం గ్యాపకం లేదు” అంది. తాత ఓ ఏడాది తాగలేదట.

అవ్వకి అప్పటికి ముట్లుడిగే వయసే అయ్యుంటుంది. ఆ రెంటికీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నాకు ఆశ్చర్యం వేసేది వేరే సంగతి. అదే మాట అవ్వ మామూలు రోజున, మామూలు గొంతుతో అని ఉంటే దెబ్బలు తినేది. అమ్మవారి మాట కాబట్టి విన్నారు. అంటే ఆ మాట ఆమెది కాదనుకున్నారు కాబట్టే విన్నారు. రెండు తరాల తర్వాత, చదువుకున్న ఇంట్లో, మా అమ్మ మాట ఆమెది కాదని నేను చెప్పాను, కాబట్టి వినలేదు. గంగమ్మ పోయి ఈస్ట్రోజెన్ వచ్చింది. రెండుసార్లూ ఆడమనిషి నోట్లోంచి వచ్చిన మాట ఆమె చేతికి దక్కలేదు. కనీసం గంగమ్మ పేరు మీద ఒక ఏడాది పని జరిగింది. నా సైన్సు పేరు మీద ఏ పనీ జరగలేదు.

బ్రిటిష్ తాత్వికుడు పి. ఎఫ్. స్ట్రాసన్ 1962లో ‘ఫ్రీడమ్ అండ్ రిజెంట్‌మెంట్’ అనే వ్యాసం రాశాడు. మనం తోటి మనిషిని రెండు రకాలుగా చూస్తామంటాడు. ఒకటి, ఎదురెదురుగా నిలబడి: కోపం, కృతజ్ఞత, క్షమాపణ, తగువు అన్నీ అందులో నడుస్తాయి. రెండోది, పక్కకి జరిగి: ఈ మనిషికి ఏమైంది, ఎలా సంభాళించాలి, ఏ వైద్యం చేయించాలి అని. రెండో చూపు తప్పని అతను అనడు. కొన్నిసార్లు అవసరం. కానీ బాగున్న మనిషి విషయంలో కూడా మనం అప్పుడప్పుడూ ఆ చూపుని ఆశ్రయిస్తామంటాడు, సంబంధంలో ఉండే బరువుని తప్పించుకోవడానికి. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తగువు పెట్టుకోవాలంటే ఎదుటివాళ్లు మనకి సమానమై ఉండాలి. ఆ రాత్రి అమ్మ నాన్నతో తగువు పెట్టుకుంది. నేను ఆమెని పేషెంటుని చేసి తగువులోంచి తీసేశాను. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన పుస్తకంలో దీనికి దగ్గరి అన్యాయాన్నే వర్ణించింది: చెప్పేది ఎవరో చూసి, ఆ మాటకి దక్కాల్సిన నమ్మకాన్ని తగ్గించేయడం.

*

ఇక్కడితో ఆపేస్తే, హార్మోన్ల సంగతి ఎత్తడమే తప్పన్నట్టు తేలుతుంది. అలా కాదని నాకు నేర్పింది కుప్పంలో ఉండే మా మేనత్త. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోతే ఆంధ్ర అయిపోయే చోటు అది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసిపోయే ఊరు. అత్తకి ముప్పై ఆరేళ్లప్పుడు, ఎక్కువ రక్తం పోతోందని చూపించుకుంటే, “బిడ్డలు పుట్టినాక ఆ సంచితో ఏం పని, ఉంచితే రేపు క్యాన్సర్ అవుతుంది” అని చెప్పి గర్భసంచి తీసేశారు. దాంతో పాటు అండాశయాలు కూడా తీశారని ఆమెకి చాలా ఏళ్ల తర్వాత ఎవరో కాగితాలు చదివి చెబితే తెలిసింది.

అండాశయాలు తీసేస్తే, కొన్నేళ్ల పాటు జరగాల్సిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది. వాటిని ఉంచినా మెనోపాజ్ ముందుకు జరిగే అవకాశం ఉంటుంది. అత్తకి ఒళ్లంతా సెగలు, నిద్ర లేమి, ఊరికే ఏడుపు. అడిగితే “మనసే సరిలేదు” అనేది. అది మెనోపాజ్ అని ఎవరికీ తట్టలేదు, వయసు కాలేదు కదా. కోడలి మీద అసూయ అన్నారు. గాలి సోకిందన్నారు. బోయకొండకి తీసుకుపోయి మొక్కు తీర్చారు. మా అమ్మకి సబబు ఉన్నచోట హార్మోన్ అన్నారు. మా అత్తకి హార్మోన్ ఉన్నచోట బుద్ధి మంచిది కాదన్నారు.

మా అత్త ఒక్కతే కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తర్వాతి సర్వేలో కూడా ముందున్నవి ఈ రెండు రాష్ట్రాలే. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలని ఆదేశించింది. మెనోపాజ్ గురించి ఇంగ్లీషులో వచ్చే వ్యాసాలు యాభై ఏళ్ల ఆఫీసు ఉద్యోగినిని ఊహించుకుని రాస్తారు. మన దగ్గర ఆ మార్పు చాలామందికి ముప్పైల్లో, ఆపరేషన్ బల్ల మీద, చెప్పకుండా వస్తుంది. వీళ్లకి “ఇది నీ ఒంట్లో జరిగిన మార్పు, నీ గుణం కాదు” అని చెప్పడం అవమానం కాదు, విముక్తి.

*

ఈ విషయం మీద ప్రపంచంలో రెండు పక్షాలు ఎప్పటి నుంచో కొట్టుకుంటున్నాయి. ఒకప్పుడు అమెరికా మానసిక వైద్యుల జాబితాలో ఈ వయసు దిగులుకి ‘ఇన్‌వల్యూషనల్ మెలాంకోలియా’ అని ప్రత్యేకంగా ఒక జబ్బే ఉండేది. 1980లో దాన్ని తీసేశారు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టర్ ‘ఫెమినిన్ ఫరెవర్’ అనే పుస్తకం రాసి, మెనోపాజ్ అంటే హార్మోన్ లోపం, మందు వేస్తే పోతుందని ఊదరగొట్టాడు. అటు పక్షం అది. ఇటు పక్షంలో, 1975లో మార్షా ఫ్లింట్ అనే పరిశోధకురాలు రాజపుత్ర స్త్రీలని కలిసి రాసిన వ్యాసం ఉంది. ముట్లు ఆగిపోయాక వాళ్లు పరదా వదిలి మగవాళ్ల మధ్య కూర్చుని మాట్లాడగలిగేవారు, గౌరవం పెరిగేది, బాధల గురించి చెప్పినవాళ్లు చాలా తక్కువ. జపాన్ ఆడవాళ్ల మీద మార్గరెట్ లాక్ 1993లో రాసిన పుస్తకం కూడా అక్కడ సెగల కంటే భుజాల నొప్పుల ఫిర్యాదే ఎక్కువని చూపించింది.

ఫ్లింట్ వ్యాసం చదివి నేను మొదట సంబరపడ్డాను: చూశారా, సమస్య సమాజానిదే, ఒంటిది కాదు అని. తర్వాత మా అత్త గుర్తొచ్చింది. గౌరవం పెరిగినంత మాత్రాన ఆమెకి నిద్ర పట్టేది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. ముట్టు ఆగితేనే గౌరవం దక్కే చోట, అంతకు ముందు ముప్పై ఏళ్లూ ఏం దక్కినట్టు?

*

మరి థెరపీ ఏం చేస్తుంది? మదనపల్లె వాడిగా నాకు ఈ ప్రశ్న దగ్గర ఇంకో పేచీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మా ఊళ్లోనే. రిషి వ్యాలీ మాకు కూతవేటు దూరం. మనసుని విశ్లేషించేవాడూ, విశ్లేషణకి గురయ్యేదీ వేరు కావని, కాబట్టి విశ్లేషణతో విముక్తి రాదని ఆయన జీవితమంతా చెప్పాడు. ఇంజినీరింగ్ రోజుల్లో ఆ మాటలంటే నాకు పిచ్చి. కానీ నాలుగు నెలలు నిద్ర లేని మనిషిని “నీ మనసుని గమనించుకో” అనడంలో నిర్దయ ఉంది. నిద్ర ముందు రావాలి. అదీ కాక, మా ఇంట్లో గమనించాల్సిన అవసరం ఉన్నది అమ్మకి కాదు.

ఆ రోజు తర్వాత మొదట చూపించిన చోట నిద్రమాత్రలు రాసి పంపేశారు. రెండో చోట థైరాయిడ్ చూసి, ఒంటి సంగతి ఓపిగ్గా వివరించి, మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా తీసుకోమన్నారు. మా వైపు ఆ మాట ఇంకా భయపెడుతుంది. నిమ్హాన్స్ అంటే బెంగళూరు బస్సెక్కించాల్సినంత ముదిరిన కేసని అర్థం. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకి ఇప్పుడు తెలుగులో ఫోన్ చేసి మాట్లాడొచ్చు గానీ, అప్పటికి అది లేదు. తెలుగు మాట్లాడే ఒక కౌన్సెలర్‌ని ఆన్‌లైన్లో వెతికి పట్టుకున్నాం. వారానికొకసారి అమ్మ ఫోను తీసుకుని మిద్దె ఎక్కేది. అదే మిద్దె.

ఈ దశలో బాగా పరీక్షకి నిలిచిన పద్ధతి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సీబీటీ. లండన్‌లో మైరా హంటర్ అనే సైకాలజిస్టు దీన్ని మెనోపాజ్ కోసం మలిచింది. సెగ వచ్చినప్పుడు “అందరూ నన్నే చూస్తున్నారు, ఇక నా వల్ల కాదు” అనే ఆలోచన దాన్ని ఎలా పెంచుతుందో చూపించి, ఊపిరిని నెమ్మదించడం, నిద్ర వేళల్ని సరిచేసుకోవడం నేర్పుతారు. 2015లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, మెనోపాజ్ వల్ల వచ్చే దిగులుకీ ఆందోళనకీ దీన్ని సూచించింది. 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ కూడా, సెగలకి హార్మోన్లు లేకుండా చేసే వైద్యాల్లో దీన్ని సిఫారసు చేసింది. హంటర్ బృందం 2012లో వెల్లడించిన ఫలితాల్లో నాకు ఆసక్తిగా అనిపించింది ఒకటుంది: సెగల సంఖ్య పెద్దగా తగ్గలేదు. అవి పెట్టే బాధ తగ్గింది.

నా ప్రశ్నకి కీలకం అక్కడే దొరికింది. సెగ విషయంలో బాధ తగ్గితే చాలు. ఎందుకంటే సెగ ఎవర్నీ ఉద్దేశించి రాదు. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఎక్కడా లేడు. దాన్ని చూసే పద్ధతి మార్చుకోవడంలో ఎవరికీ అన్యాయం లేదు. కానీ “నన్నొక మాట అడిగినారా” అన్నది సెగ కాదు. అది ఒకరిని ఉద్దేశించి వచ్చిన మాట. దాన్ని కూడా అదే పద్ధతిలో చల్లార్చి, “ఆ ఆలోచనని వేరే కోణంలో చూడండి” అంటే, అది వైద్యం పేరుతో నాన్న తరఫున చేసే వకాల్తా అవుతుంది. మంచి థెరపీ చేయగలిగింది ఈ రెంటినీ విడదీయడం. ఏది ఒంటి నుంచి వచ్చింది, ఏది బతుకు నుంచి వచ్చింది అని ఆమెకి ఆమే తేల్చుకునేంత నిద్ర, నెమ్మది, ఏకాంతం ఇవ్వడం. రెండో రకానికి జవాబివ్వడం థెరపిస్టు చేతిలో లేదు. ఆ పని ఇంట్లోవాళ్లది. ఆడమనిషిని థెరపీకి పంపి ఇంట్లో మిగతా అందరూ పాత చోటనే కూర్చుంటే, అది సగం వైద్యమే.

*

అమ్మకి మూడు నెలలకి నిద్ర కుదురుకుంది. మందుల వల్లా, మాటల వల్లా, కాలం వల్లా, దేనిదెంతో విడదీసి చెప్పలేను. ఏడుపు తగ్గింది. నా భార్యకి ఫోన్ చేసి ఆ నింద గురించి తనే మాట్లాడింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత ఒక ఆదివారం, చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏ కోపమూ లేని గొంతుతో నాన్నని మళ్లీ అడిగింది: “కయ్య అమ్మేటప్పుడు నన్నడగల్యా. అడిగుంటే ఇయ్యనంటానా నేను?”

ఈసారి హార్మోన్ అనడానికి లేదు. నాన్న చాలాసేపటికి “తప్పేలే” అన్నాడు, నేల చూస్తూ. నాకు సిగ్గేసింది. నాన్న గురించి కాదు. ఆ మాట వినడానికి ఆమె ముందు నెమ్మదించాలని, నయం కావాలని మేం షరతు పెట్టినట్టయింది కదా. కోపంలో అడిగినా నిజం అదే. మూడు నెలల ముందు కూడా జవాబు అదే.

ఇంకొకటి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కయ్య అమ్మిన సంగతీ, అమ్మని అడగని సంగతీ నాకు అప్పుడే తెలుసు. కౌన్సెలింగ్‌లో సీటు రాక, డొనేషన్ కట్టే గడువు దగ్గరపడుతుంటే, నాన్నా నేనూ మాట్లాడుకున్నాం. “అమ్మకి తర్వాత చెప్దాంలే” అన్నది నాన్న. సరేనన్నది నేను. నాకు పద్దెనిమిదేళ్లు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాకు హార్మోన్లు అంత తొందరగా గుర్తు రావడానికి కారణం అది. కారణమే, సబబు కాదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా అమ్మకి చెప్పాను. మిద్దె మీదే. ఆమె వడియాలు ఎండబెడుతోంది. విని, ప్లాస్టిక్ కవరు అంచుల మీద రాళ్లు సర్దుతూ అంది:

“నీకు తెల్సని నాకు తెల్సులే. నువ్వు చెప్తావా, చెప్పవా అనే చూస్తాండా ఇన్నేండ్లూ.”